హోమ్ థియేటర్ రిసీవర్ కొంటున్నారా? డబ్బా మీద వాట్లు చూసి పైసలు పెట్టకండి!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: ఇల్లు కట్టుకున్నారు. హాల్‌లో పెద్ద టీవీ బిగించారు. బొమ్మ అదిరిపోతోంది కానీ సౌండ్ మాత్రం డబ్బాలో నుంచి వచ్చినట్టు ఉంటోంది. టీవీలు సన్నబడ్డాక వాటిలో స్పీకర్లకు చోటే లేకుండా పోయింది మరి. అందుకే ఇప్పుడు చాలా ఇళ్లలో తర్వాతి ఖర్చు హోమ్ థియేటర్ మీదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు అయితే దీనికి ఇంకో కోణం కూడా ఉంది. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్లి పనిచేసేవాళ్లు ఎక్కువ. సెలవు మీద వచ్చేటప్పుడు ఏదో ఒక ఎలక్ట్రానిక్ వస్తువు తేవడం ఏళ్ల నుంచి ఉన్న అలవాటే. రిసీవర్ అంటే అలా నెలల జీతం మిగిల్చి కొనే వస్తువు. తప్పు పెట్టె కొంటే బాగు చేయించడానికి కూడా దారి దొరకదు.

ఇంతకీ రిసీవర్ అంటే ఏంటి? టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఫైర్ స్టిక్ లాంటివాటి నుంచి వచ్చే సౌండ్‌ను తీసుకుని, అందులో ఏ శబ్దం ముందు స్పీకర్‌కు పోవాలి, ఏది వెనక స్పీకర్‌కు పోవాలి అని విడదీసి, శక్తి జోడించి పంపించే పెట్టె. మామూలు యాంప్లిఫైయర్ సౌండ్ పెంచుతుంది, అంతే. రిసీవర్ విడదీస్తుంది, పెంచుతుంది, గదికి తగ్గట్టు సర్దుతుంది కూడా. ఇక్కడ మధ్య ధర అంటే సుమారు 30 వేల నుంచి 70 వేల రూపాయల మధ్య దొరికే పెట్టెలు. సోనీ, యమహా, డెనాన్, ఓంక్యో లాంటి పేర్లు ఈ వరుసలో వినిపిస్తాయి. స్పీకర్ల ఖర్చు వేరే.

ఒక్క పెట్టెకు మూడు నంబర్లు!

షాపులో మొదట అడిగే ప్రశ్న "ఎన్ని వాట్లు?" అనే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. యమహా ఆర్‌ఎక్స్-వి385 అనే 5.1 రిసీవర్‌నే తీసుకోండి. కంపెనీ ఇచ్చిన వివరాల్లోనే దాని పవర్‌కు మూడు నంబర్లు కనిపిస్తాయి. 70 వాట్లు, 100 వాట్లు, 135 వాట్లు. ఏది నిజం? మూడూ నిజమే! కొలిచిన తీరే వేరు.

70 వాట్లు అన్నది రెండు ఛానెళ్లు ఒకేసారి నడుస్తుండగా, 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా, అంటే మనిషి చెవి వినగలిగే మొత్తం పరిధిలో, 0.09 శాతం డిస్టార్షన్‌తో కొలిచిన నంబర్. 100 వాట్లు అన్నది ఒకే ఒక్క ఛానెల్ నడిపి, ఒకే స్వరం మీద, 0.9 శాతం డిస్టార్షన్ దాకా సరే అనుకుని కొలిచింది. ఇక 135 వాట్లు? అదే ఒక్క ఛానెల్, అదే ఒక్క స్వరం, కానీ డిస్టార్షన్ ఏకంగా 10 శాతం! డిస్టార్షన్ అంటే సౌండ్ బొంగురుపోవడం. 10 శాతం దగ్గర పాట వింటే ఎవరికైనా తెలిసిపోతుంది. కంపెనీ ఏదీ దాచలేదు, మూడూ రాసింది. కానీ డబ్బా మీద, ఆన్‌లైన్ పేజీల్లో ముందు మెరిసేది మాత్రం పెద్ద నంబరే.

సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్590 సంగతి కూడా అంతే. పెద్దగా కనిపించేది ఛానెల్‌కు 145 వాట్లు. అది ఒకే స్వరం మీద, 0.9 శాతం డిస్టార్షన్‌తో కొలిచింది. మొత్తం పరిధిలో, రెండు ఛానెళ్లు నడుస్తుండగా కొలిస్తే 90 వాట్లు. ఇప్పుడు డెనాన్ ఏవీఆర్-ఎక్స్1800హెచ్ పక్కన పెట్టి చూడండి. దాని మీద రాసింది 80 వాట్లే. అయితే ఆ 80 కొలిచింది 8 ఓమ్స్ స్పీకర్ల మీద. సోనీ, యమహా నంబర్లు 6 ఓమ్స్ మీద కొలిచినవి. ఓమ్స్ తగ్గితే నంబర్ పెద్దదిగా కనిపిస్తుంది. 145 ఎక్కడ, 80 ఎక్కడ అనుకుని మొదటిది కొనేవాళ్లు అసలు పోల్చకూడని రెండిటిని పోలుస్తున్నట్టే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: "రెండు ఛానెళ్లు నడుస్తుంటే, 20 నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా, 8 ఓమ్స్ మీద ఎంత?" 70, 80 వాట్లు వస్తే మామూలు ఇంటి హాల్‌కు ఎక్కువే. ఎందుకంటే వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అంటే కాస్త పెరిగిందని తెలుస్తుంది, అంతే. చెవికి 'రెట్టింపు సౌండ్' అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. 70 వాట్ల పెట్టె వదిలేసి 90 వాట్ల పెట్టెకు అదనంగా పది వేలు పెడితే ఆ తేడా చెవికి అందదు. అదే పది వేలు స్పీకర్ల మీద పెడితే తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది. స్పీకర్ డబ్బా మీద సెన్సిటివిటీ అని ఒక నంబర్ ఉంటుంది. 85 డెసిబెల్స్ స్పీకర్‌కు బదులు 88 డెసిబెల్స్ స్పీకర్ తీసుకుంటే రిసీవర్ వాట్లు రెట్టింపు చేసినంత లాభం.

ఇక పీఎంపీఓ అని రాసి ఉన్నవాటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. వెనక ప్లేట్ మీద 60 వాట్ల కరెంటు తీసుకుంటుందని రాసి, ముందు 10 వేల వాట్లు అని రాస్తే ఆ మిగతా వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి? గోడ నుంచి తీసుకున్న కరెంటు కంటే ఎక్కువ శక్తిని ఏ పెట్టే నిలకడగా స్పీకర్లకు ఇవ్వలేదు. ఆర్‌ఎంఎస్ అని రాసిన నంబర్ తప్ప మిగతావి పట్టించుకోవద్దు.

లోకల్‌గా బిగించే 5.1 యాంప్లిఫైయర్ సరిపోదా?

మన చిన్న టౌన్లలో బోర్డులు తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ వేసి, క్యాబినెట్‌లో బిగించి ఇచ్చే మెకానిక్‌లు ఉన్నారు. వీటిని తీసిపారేయాల్సిన పనిలేదు. ధర తక్కువ, మోత ఎక్కువ, పాడైతే బిగించిన మనిషే సాయంత్రానికి బాగు చేసి ఇస్తాడు. ఈ ఒక్క విషయంలో ఏ పెద్ద కంపెనీ కూడా పోటీ పడలేదు. డీజే పాటలు, పెళ్లి సందడి, దసరా బతుకమ్మ ఆటలకు అదే బాగుంటుంది కూడా.

సినిమాకు వచ్చేసరికి తేడా బయటపడుతుంది. ఇలాంటి పెట్టెల్లో చాలావాటికి టీవీ నుంచి హెచ్‌డీఎంఐ ఉండదు. రెండు ఛానెళ్ల సౌండ్‌నే ఐదుగా పంచి ఇస్తాయి. వెనక స్పీకర్లలో కూడా అదే పాట, అదే మాట. హీరో ఎడమ నుంచి కుడికి బండి మీద పోతే ఆ శబ్దం కూడా అలా పోవాలి కదా, అది జరగదు. ఈమధ్య డాల్బీ డీకోడర్, హెచ్‌డీఎంఐ ఆర్క్ ఉన్న బోర్డులు కూడా వస్తున్నాయి. అవి వేయించుకుంటే కొంత మేలు. కానీ గదిని కొలిచి సర్దుకునే పని మాత్రం రిసీవర్లదే.

టీవీతో కలవకపోతే ఎంత పెట్టినా దండగే

రిసీవర్ కొనేముందు షాపుకు కాదు, టీవీ వెనక్కి వెళ్లాలి. ఫోన్ టార్చ్ వేసి చూడండి. హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాని పక్కన ఆర్క్ లేదా ఈ-ఆర్క్ అని అర్థమిచ్చే ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. టీవీలోని సౌండ్‌ను రిసీవర్‌కు పంపేది ఆ ఒక్క పోర్టే. పక్కనే ఉన్న ఇంకో పోర్టులో వైరు పెట్టి 'సౌండ్ వస్తలేదు, పెట్టె ఖరాబైంది' అని తిరిగి షాపుకు మోసుకెళ్లేవాళ్లు ఉంటారు.

ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. ఈ-ఆర్క్ 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో ప్రకటించారు. మరి పాత టీవీలో ఆర్క్ మాత్రమే ఉంటే? కంగారేం లేదు. ఓటీటీ యాప్‌లు పంపే 5.1 సౌండ్, డాల్బీ అట్మాస్ రెండూ డాల్బీ డిజిటల్ ప్లస్ అనే రూపంలో వస్తాయి. టీవీ దాన్ని పంపగలిగితే ఆర్క్ చాలు. ఈ-ఆర్క్ తప్పనిసరి అయ్యేది బ్లూ-రే డిస్కుల్లాంటి పెద్ద సౌండ్ ఫైళ్లను టీవీ ద్వారా పంపాలనుకున్నప్పుడే. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు మాత్రం రిసీవర్‌లో ఈ-ఆర్క్ ఉండేలా చూసుకోవడం మంచిది, టీవీ ఎప్పుడైనా మార్చొచ్చు.

వైరు సరిగా పెట్టినా ఇంకో అడ్డంకి ఉంటుంది. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్ 'పీసీఎం' మీద ఉంటే ఆర్క్ ద్వారా రెండు ఛానెళ్ల సౌండే పోతుంది. దాన్ని 'ఆటో' లేదా 'పాస్ త్రూ' మీదికి మార్చాలి. సరిగా వస్తోందా లేదా అని తెలుసుకోవడం తేలిక. రిసీవర్ ముందు డిస్‌ప్లే మీద డాల్బీ అనో అట్మాస్ అనో పడాలి. పీసీఎం, స్టీరియో అని పడిందంటే ఐదు స్పీకర్లు కొనీ రెండింటి సౌండే వింటున్నట్టు. నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలన్నది కూడా గుర్తుంచుకోండి. కొన్ని సినిమాలకు అసలు భాషలో అట్మాస్ ఉండి, తెలుగు డబ్బింగ్‌కు 5.1 మాత్రమే ఉంటుంది. అది రిసీవర్ తప్పు కాదు.

5.1 చాలా? 7.2 కావాలా?

5.1 అంటే ముందు మూడు, వెనక లేదా పక్కన రెండు, ఒక సబ్ వూఫర్. 7.2 రిసీవర్‌లో ఏడు స్పీకర్లు, రెండు సబ్ వూఫర్లు పెట్టుకునే వీలుంటుంది. అట్మాస్ అంటే పైనుంచి కూడా సౌండ్ రావాలి, అంటే సీలింగ్‌లో కనీసం రెండు స్పీకర్లు. దాన్ని 5.1.2 అంటారు. అందుకు ఏడు ఛానెళ్ల రిసీవర్ ఉండాలి. ఐదు ఛానెళ్ల పెట్టెల్లో చాలావాటికి అట్మాస్ ఉండదు. సోనీ డీహెచ్590, డెనాన్ ఎక్స్580బీటీ ఈ కోవలోవే. సోనీలోనే డీహెచ్790, డెనాన్‌లో ఎక్స్1800హెచ్ అయితే ఏడు ఛానెళ్లు, అట్మాస్ ఉంటాయి.

నిజం చెప్పాలంటే, ఐదు మంచి స్పీకర్ల ముందు ఏడు నాసిరకం స్పీకర్లు నిలబడవు. ఇప్పుడే సీలింగ్ పీఓపీ చేయిస్తున్నవాళ్లకు అట్మాస్ గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. ఇల్లు కట్టి, రంగులేసి ఐదేళ్లయినవాళ్లు పైన స్పీకర్ల కోసం స్లాబ్ కింద వైర్లు వేలాడదీయడం కంటే 5.1తో ఆగిపోవడమే నయం. 8కే, బ్లూటూత్, రెండో గదికి పాటలు లాంటివి ఉంటే ఉండనీయండి. వాటి కోసం అదనంగా ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు.

కోరుట్ల హాల్ వేరు, సిరిసిల్ల గది వేరు

గల్ఫ్ పైసలతో కోరుట్ల, మెట్‌పల్లి వైపు కట్టిన కొత్త ఇళ్లలో హాళ్లు పెద్దగా ఉంటాయి. కింద నున్నటి టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు, పెద్ద అద్దాల కిటికీలు. చూడటానికి బాగుంటాయి, సౌండ్‌కు మాత్రం శత్రువులు. చప్పట్లు కొట్టి చూడండి, గంట మోగినట్టు వెనక్కి వస్తుంది. అలాంటి హాల్‌లో లక్ష రూపాయల సెట్ పెట్టినా మాటలు అర్థం కావు. దీనికి మందు రిసీవర్‌లో లేదు. దళసరి కర్టెన్లు, సోఫా ముందు ఒక తివాచీ, గుడ్డ సోఫా, పుస్తకాల అల్మారా ఉంటే ప్రతిధ్వని సగం తగ్గినట్టే. బట్టకు కరువు లేని జిల్లా పక్కనే ఉంది, కర్టెన్ల కోసం హైదరాబాద్ దాకా పోవాల్సిన పనిలేదు!

సిరిసిల్లలో లెక్క వేరు. మరమగ్గాల పక్కనే ఇళ్లు, ఇరుకు గదులు, పక్క షెడ్డు నుంచి ఆగని చప్పుడు. అక్కడ పెద్ద టవర్ స్పీకర్లు పెడితే బాస్ గదిలో గుమ్మరించినట్టు ఉంటుంది, మాట మాత్రం వినపడదు. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, మంచి సెంటర్ స్పీకర్ తీసుకోవాలి. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది సెంటర్ నుంచే. రిసీవర్ సెట్టింగ్స్‌లో సెంటర్ ఒక్కదాన్నే 2, 3 డెసిబెల్స్ పెంచుకోవచ్చు. మొత్తం వాల్యూమ్ పెంచి పక్కింటివాళ్లతో గొడవ తెచ్చుకోవడం కంటే ఇది మేలు. పది అడుగుల గదికి అసలు రిసీవరే అక్కర్లేదు, మంచి సౌండ్ బార్ సరిపోతుందని చెప్పే షాపువాళ్లు ఉంటే వాళ్ల మాట వినండి. వాళ్లు తమ లాభం తగ్గించుకుని చెబుతున్నారు.

రిసీవర్‌తో పాటు ఒక చిన్న మైక్ వస్తుంది. దాన్ని కూర్చునే చోట చెవి ఎత్తులో పెడితే, రిసీవర్ ఒక్కో స్పీకర్ నుంచి శబ్దాలు పంపి గదిని కొలుచుకుంటుంది. డెనాన్‌లో దీన్ని ఆడిసీ అంటారు, యమహాలో వైపావో. ఫ్యాన్, కూలర్ ఆపేసి చేయాలి. సిరిసిల్లలో అయితే మగ్గాలు ఆగిన వేళ చూసుకోవాలి. మైక్‌ను సోఫా మీద పడేసి కొలిస్తే లెక్కలన్నీ తప్పుతాయి. చిన్న స్పీకర్లు ఉన్నవాళ్లు కొలత అయ్యాక క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. అలా ఉంటే బరువైన బాస్ సబ్ వూఫర్‌కు పోతుంది, చిన్న స్పీకర్లకు ఊపిరి ఆడుతుంది.

ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లకు ఒక్క మాట. ప్లాస్టరింగ్‌కు ముందే టీవీ గోడ నుంచి వెనక గోడకు స్పీకర్ వైర్ల కోసం ఖాళీ పైపులు వేయించుకోండి. కరెంటు వైర్ల పైపులోనే వీటిని దూర్చొద్దు. వందల్లో అయ్యే పని, తర్వాత చేయిస్తే వేలల్లో పడుతుంది.

దుబాయ్ నుంచి తెస్తే లాభమా, నష్టమా?

అక్కడ ధర తక్కువ ఉండొచ్చు. కానీ చూడాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది వోల్టేజీ. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లలో కూడా దాదాపు అంతే, కాబట్టి అక్కడి పెట్టెలు ఇక్కడ నడుస్తాయి. సౌదీలో మాత్రం 60 హెర్ట్జ్, పైగా ఒకప్పుడు ఇళ్లలో 127 వోల్టుల లైన్లు కూడా ఉండేవి. అక్కడ కొనేవాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు వెనక ప్లేట్ ఫొటో తీసి చూసుకోవాలి. 220-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే భయం లేదు. అమెరికా నుంచి ఎవరైనా తెస్తానంటే ముందే ఆలోచించండి. అక్కడిది 120 వోల్టులు. ఇక్కడ నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోవడం ఖాయం.

రెండోది గ్యారంటీ. చాలా కంపెనీల గ్యారంటీ కొన్న దేశానికే పరిమితం. అక్కడ కొన్న పెట్టె ఇక్కడ పాడైతే పైసలు పెట్టి బాగు చేయించుకోవాలి, అదీ పార్టులు దొరికితే! హెచ్‌డీఎంఐ బోర్డు పోతే ఊళ్లో మెకానిక్ చేసేదేం లేదు. అక్కడ మిగిలిన ఐదారు వేలు ఇక్కడ ఒక్క రిపేరుకే పోవచ్చు. మూడోది బరువు. ఈ పెట్టెలు 7 నుంచి 10 కిలోల దాకా ఉంటాయి. సామాన్ల కోటాలో అది పోను మిగతావాళ్లకు తెచ్చేవాటికి ఎంత మిగులుతుందో చూసుకోవాలి. సుంకం లేకుండా తేగల వస్తువుల విలువకు పరిమితి కూడా ఉంటుంది. బయల్దేరే ముందే బిల్లుతో సహా సరిచూసుకోవడం మంచిది. ఇన్ని లెక్కలు వేశాక, ధరలో తేడా నాలుగో వంతు కంటే తక్కువైతే ఇక్కడే బిల్లుతో కొనుక్కోవడం తెలివైన పని.

కరెంటు, ఎండ, పిడుగు

సిరిసిల్ల వైపు కరెంటు ఇచ్చేది సహకార సంస్థ సెస్. జగిత్యాల, కోరుట్లకు ఎన్‌పీడీసీఎల్. ఎవరిచ్చినా వోల్టేజీ ఎగుడుదిగుళ్లు రిసీవర్‌కు మంచివి కావు. ఇంటికి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. ఎర్తింగ్ లేకపోతే స్పీకర్లలో 'హుమ్' అని మోత కూడా వస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రిసీవర్ నడిపినా అదే మోత. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితేనే దాని మీద పెట్టాలి.

ఉరుములు మొదలైతే ప్లగ్గు ఒక్కటే పీకితే చాలదు. డిష్ లేదా కేబుల్ వైరు కూడా తీసేయాలి. పిడుగు దెబ్బ ఆ వైరు గుండా సెట్‌టాప్ బాక్స్‌లోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ ద్వారా టీవీకి, రిసీవర్‌కు పాకుతుంది.

ఇంకోటి వేడి. ఈ జిల్లాల్లో మే నెల ఎండలు తెలిసినవే, 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రిసీవర్ నడుస్తున్నప్పుడే బాగా వేడెక్కుతుంది. దాన్ని అద్దాల షోకేస్‌లో పెట్టి తలుపు మూసి, పైన సెట్‌టాప్ బాక్స్ పెడితే ఆయుష్షు తగ్గినట్టే. పైన కనీసం అరడుగు ఖాళీ వదలాలి. పైన గుడ్డ కప్పడం అస్సలు వద్దు.

పాత బాక్సులు పనికొస్తాయా?

పనికొస్తాయి, ఓమ్స్ చూసుకుంటే. కంపెనీ సెట్‌తో పాటు వచ్చిన చిన్న స్పీకర్లలో కొన్ని 3 ఓమ్స్‌వి ఉంటాయి. వాటిని రిసీవర్‌కు తగిలించొద్దు. అలాగే ఒకే టెర్మినల్‌కు రెండేసి బాక్సులు కలిపేస్తుంటారు. 8 ఓమ్స్ బాక్సులు రెండు అలా కలిపితే అది 4 ఓమ్స్ అవుతుంది. పెట్టె వేడెక్కి దానంతట అదే ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. మొత్తం లక్ష రూపాయలు అనుకుంటే రిసీవర్‌కు 35, 40 వేలకు మించకుండా, మిగతాదంతా స్పీకర్లు, సబ్ వూఫర్, రాగి వైరుకు పెట్టుకోవడం సరైన పంపకం.

షాపులో డెమో అడిగేటప్పుడు వాళ్లు పెట్టే ఇంగ్లిష్ ఫైటింగ్ సీన్ కాకుండా, మీకు బాగా తెలిసిన తెలుగు సినిమాలో మాటలున్న సీన్ పెట్టమనండి. తక్కువ వాల్యూమ్‌లో కూడా మాట స్పష్టంగా వినిపిస్తోందా? అదే అసలు పరీక్ష. మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. సర్వీస్ సెంటర్ కరీంనగర్‌లో ఉందా, హైదరాబాద్ పోవాలా, ఇంటికే వచ్చి తీసుకెళ్తారా అని కొనకముందే అడగండి. డబ్బా, థర్మకోల్ పారేయొద్దు, సర్వీస్‌కు పంపాలంటే అవే కావాలి. గ్యారంటీ ఉండీ బాగు చేయకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చేయొచ్చు. ఫోన్ చేసే ముందు ఆ బిల్లు చేతిలో పెట్టుకోండి.